నిమిషానికి డెబ్బై

పొద్దున్న ఆరింటికల్లా అమ్మ బట్టల ఫ్యాక్టరీకి బయల్దేరేది. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద అణిగిపోయాక పిచ్చుక లేచి, మొహం కడుక్కుని, జడ బిగించి, బంతి చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేది. అప్పటికే నాన్న గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉండేవాడు. చొక్కా పై బొత్తాం విప్పుకుని, క్షవరానికి కూర్చున్నవాడిలా బుద్ధిగా కూర్చునేవాడు.

"కానీ తల్లీ," అనేవాడు.

ఆమె మోకాళ్ళు కాస్త వంచి బంతి కొట్టడం మొదలుపెట్టేది. నిమిషానికి డెబ్బై. గడియారం చూడక్కర్లేదు, చేతికే తెలుసు. కుడిచేత్తో పావుగంట, ఎడమచేత్తో పావుగంట, ఆ తర్వాత అరగంట రెండు చేతులూ మార్చి మార్చి. నాన్న పెదాల మీది నీలిరంగు మెల్లగా విడిపోయి, చెవుల దగ్గర ఎరుపు వచ్చేది. గంట అయ్యాక ఆయన లేచి టీ పెట్టేవాడు. సాయంత్రం మళ్ళీ ఒక గంట. మధ్యలో గుండె తన పాటికి తాను నడిచేది.

ఎప్పుడైనా అయిదు నిమిషాలు ఆలస్యమైతే కింద ఇంటి మామ్మ చీపురుకట్టతో తన పైకప్పు పొడిచేది. "ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదు? మీ నాన్న బాగానే ఉన్నాడా?" అని కిటికీలోంచి అరిచేది.

పిచ్చుక అన్నది స్కూల్లో డ్రిల్లు టీచరు పెట్టిన పేరు. మనిషి పొట్టి, ఒకచోట నిలవదు. పేరు స్కూలు నుంచి ఇంటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. పదిహేనేళ్ళ వయసులో ఆమెకి బాస్కెట్‌బాల్ అంటే రింగులోకి విసరడం ఒక్కటే. ఎంత దూరం నుంచైనా వేసేది. కానీ బంతి కొడుతూ నాలుగడుగులు వేస్తే అయిదో అడుగుకి బంతి ఎదుటివాళ్ళ చేతిలో ఉండేది. తలొంచుకుని బంతిని చూస్తూ, అరచేత్తో బాదేది. "పిండి కొడుతున్నావా, బంతి కొడుతున్నావా?" అనేది డ్రిల్లు టీచరు. "ముందు బంతి నీ దగ్గర ఉంటేగా, రింగు సంగతి!" పిచ్చుక తలూపి, మళ్ళీ రింగు కిందికే పోయేది.

ఆ ఏడాదే నాన్నకి రెండోసారి గుండెపోటు వచ్చింది. ఆయన లిఫ్టు మెకానిక్. ఏదో పదంతస్తుల భవనంలో, లిఫ్టు గొయ్యిలోంచి పైకెక్కి వస్తూ గడప మీదే కూలబడ్డాడట. పిచ్చుక ప్రాక్టీసు నుంచి ఆ బట్టలతోనే, బంతితోనే ఆసుపత్రికి పరుగెత్తింది. తలుపు వెనక నర్సులు హడావుడిగా తిరుగుతున్నారు. అమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. పిచ్చుకకి ఏం చేయాలో తోచక, చేతులు ఊరికే ఉండలేక, ఆ వరండాలో బంతి కొట్టసాగింది. ఎవరో ఆయా కసిరింది. అంతలో తలుపు తెరుచుకుని పెద్ద నర్సు బయటికి వచ్చింది.

"ఆపకు," అంది. "ఆయన గుండె దాన్ని పట్టుకుంది. అలాగే కొట్టు. కొంచెం నిదానంగా."

ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు కాగితం మీద మందులు రాసి, వాటి కింద ఇంకో వరస రాశాడు. బంతి, ఉదయం గంట, సాయంత్రం గంట, నిమిషానికి డెబ్బై. తప్పకూడదు. "తప్పకూడదు" కింద గీత గీశాడు.

మొదట్లో తప్పేది. బంతి పాదానికి తగిలి పక్కకి పోయేది. నాన్న చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళేది, ఆయన నోరు తెరిచి గాలి కోసం చూసేవాడు. ఆమె బంతి వెనక పరుగెత్తి, తెచ్చి, మళ్ళీ మొదలుపెట్టేది. ఒకరోజు బంతి మెట్ల మీదికి దొర్లింది. పన్నెండు మెట్లు, ఒక్కో మెట్టు మీద ఒక్కో రకంగా పడుతూ కిందికి పోయింది. నాన్న కుర్చీలోంచి ముందుకి ఒరిగిపోయాడు. మళ్ళీ ఆసుపత్రిలో వారం రోజులు.

ఆ వారం అమ్మ కూడా బంతి పట్టుకుంది. మంచం పక్కన నిలబడి చీరకొంగు బొడ్లో దోపుకుని పట్టుదలగా కొట్టింది. సరిగ్గానే కొట్టింది, ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషికి లెక్క తప్పదు. కానీ నాన్న గుండె దాన్ని పట్టుకోలేదు. అమ్మ కాసేపు చూసి, బంతి కూతురికి ఇచ్చేసింది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, నా మాట ఎన్నడు విన్నాడు గనక," అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత మళ్ళీ బంతి ముట్టుకోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు డ్రిల్లు టీచరు ఇంటికి వచ్చింది. మెడలో ఈల తీసి జేబులో వేసుకుని, వరండాలో పిచ్చుక పక్కన నిలబడింది.

"అరచేయి తగలనివ్వకు. వేళ్ళ కొసలతో తొయ్యి. బంతి నడుము దాటి పైకి రాకూడదు, మోకాలి దగ్గరే ఉంచు. మణికట్టు వదులుగా. ఊఁ, తలెందుకు దించావు?"

"చూడకపోతే పోతుంది టీచర్."

"చూస్తేనే పోతుంది. బంతిని చూడకు, మీ నాన్న మొహం చూడు. తప్పు జరిగితే ముందు అక్కడ తెలుస్తుంది."

అలా పిచ్చుక తలెత్తి బంతి కొట్టడం నేర్చుకుంది. రోజుకి రెండు గంటలు నాన్న మొహం చూసింది. అంతకు ముందు పదిహేనేళ్ళలో అన్ని గంటలు చూసి ఉండదు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, దవడ కింద రేజరు అందని చోట నాలుగు తెల్ల వెంట్రుకలు, అన్నీ బట్టీ పట్టేసింది. ఎడమచేత్తో కొడితే మొదట్లో ఆయనకి దగ్గు వచ్చేది. మూడు నెలలకి రెండు చేతులకీ తేడా లేకుండా పోయింది. కాళ్ళ మధ్య నుంచి, వీపు వెనక నుంచి చేయి మార్చినా డెబ్బై డెబ్బైగానే ఉండేది. వేళ్ళ చివర్లు గట్టిపడి, అట్లకాడ వేడి కూడా తెలిసేది కాదు.

అయితే ఆటలో బంతి డెబ్బైగా ఉండదు. పరుగెత్తాలి, ఆగాలి, ఎదుటివాళ్ళని మోసం చేయాలి. నాన్న చెవిన పడే దూరంలో అలా కొట్టడానికి వీల్లేదు. వంద మంది అరుస్తున్నా ఆయన గుండె పిచ్చుక బంతిని వెతికి పట్టుకునేది. అందుకని ఆయన ఆమె ఆడిన ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. సాయంత్రం అన్నాల దగ్గర ఆమె కంచం పక్కకి జరిపి, వట్టి చేతులతో ఆడి చూపించేది. "ఇలా కుడికి వెళ్ళినట్టు వెళ్ళాను. అది నమ్మింది. ఇలా ఎడమకి తిప్పాను." నాన్న ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి వినేవాడు. "ఆ తర్వాత?" అనేవాడు. విన్నది చాలక అదే మళ్ళీ చెప్పమనేవాడు.

రెండేళ్ళు గడిచాయి. పిచ్చుక చేతిలోంచి బంతి లాక్కోగలిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల స్కూళ్ళలో లేరు. పద్దెనిమిది లోపు పిల్లలకి స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్లు వచ్చాయి. ఎంపికైతే చదువు, తిండి, ఆట అంతా అక్కడే. ఆమెకి పదిహేడు నిండాయి, ఇదే ఆఖరి అవకాశం. ఎంపికైతే నాన్న సంగతేమిటని ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. ఆ హాస్టల్ రెండు వీధుల అవతలే ఉన్నట్టు మాట్లాడుకున్నారు.

సెలెక్షన్ మ్యాచ్ మధ్యాహ్నం రెండింటికి, పెద్ద ఇండోర్ స్టేడియంలో. పొద్దున్న నాన్నకి గంట బంతి కొట్టి, ఆమె బయల్దేరింది. "వచ్చి చెబుతాను," అంది. "ఊఁ," అన్నాడాయన.

మొదటి సగంలో పిచ్చుక ఆడిన ఆట గురించి ఆ స్కూల్లో చాలాకాలం చెప్పుకున్నారు. ముగ్గురు సెలెక్టర్లు బల్ల వెనక కూర్చుని ఉంటే, మధ్యలో ఉన్నాయన కలం పక్కన పెట్టేసి చూశాడు. సగం ఆట అయ్యేసరికి పిచ్చుక జట్టు పన్నెండు పాయింట్లు ముందుంది.

మూడో క్వార్టరు మొదలైన కాసేపటికి ఆమె బంతితో మధ్యగీత దాటింది. ఎదురుగా వచ్చిన పిల్లని తప్పించడానికి బంతిని వేగంగా రెండుసార్లు అటూ ఇటూ మార్చింది. తల ఎత్తే ఉంది కాబట్టి మెట్ల మీద ఆఖరి వరస దాకా కనిపించింది. అక్కడ ఒకాయన కమ్మీ పట్టుకుని ముందుకి వంగిపోయాడు. పాత డ్యూటీ చొక్కా. ఎడమ కనుబొమ మీది గాటు అంత దూరం నుంచి కనపడదు, అయినా ఆమెకి కనపడింది.

ఆమె బంతిని రెండు చేతులతో పట్టేసుకుంది.

ఆ తర్వాత ఆ మ్యాచ్‌లో పిచ్చుక చేతిలోంచి బంతి నేలకి తగల్లేదు. అందుకోవడం, ఒంటికాలి మీద తిరగడం, వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేయడం. నేలకి కొట్టి ఇచ్చే పాస్ కూడా మానేసింది, అన్నీ గాల్లోనే. ఎక్కువసార్లు నిచ్చెనకే ఇచ్చింది. నిచ్చెన జట్టులో అందరికంటే పొడుగు పిల్ల. రింగు కింద నిలబడి, ఎవరూ బంతి ఇవ్వక, సగం మ్యాచ్‌లలో చెమటైనా పట్టకుండా ఇంటికి పోయేది. ఆ రోజు మాత్రం ఎటు తిరిగితే అటు బంతి సరిగ్గా చేతుల్లోకి వచ్చి పడింది. ఏం చేయాలో తెలియక రింగులో వేసేసింది. అలా పదకొండు పాయింట్లు చేసింది.

అయినా పన్నెండు పాయింట్ల తేడా కరిగిపోతూ వచ్చింది. డ్రిల్లు టీచరు టైమవుట్ అడిగింది.

"ఏమొచ్చింది నీకు? చెయ్యి బెణికిందా?"

"నాన్న వచ్చాడు టీచర్."

టీచరు పైకి చూసింది. ఆట మళ్ళీ మొదలయ్యాక ఆవిడ మెట్లెక్కి ఆయన పక్కన కూర్చుంది.

"బయటికి వెళ్ళి కూర్చోండి సార్. పిల్ల ఆడలేకపోతోంది."

"రెండేళ్ళుగా బయటే ఉన్నాను టీచరు గారూ," అన్నాడాయన. "నేను దాన్ని ఆపమనలేదు. ఆడమని చెప్పండి."

"మీరు ఇక్కడుండగా ఎలా ఆడుతుంది?"

ఆయన కమ్మీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. లేవలేదు.

తొమ్మిది సెకన్లు మిగిలాయి. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఎదుటి జట్టు పిల్ల తొందరపడి ఇచ్చిన పాస్‌కి పిచ్చుక అడ్డం పడి బంతి అందుకుంది. ఆమెకీ రింగుకీ మధ్య ఒక్క మనిషి లేడు. నున్నగా మెరిసే చెక్కనేల అంతా ఖాళీగా ఉంది. నాలుగుసార్లు బంతి కొడితే చాలు, అక్కడుంటుంది. జట్టులో అందరూ వెళ్ళు వెళ్ళు అని అరుస్తున్నారు. పై వరసలో నాన్న లేచి నిలబడి, ముందుకి పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

ఆమె నిలబడిపోయింది. సగం కోర్టు దూరం ఆమె విసురుకి కూడా ఎక్కువే. నిచ్చెన పరుగెత్తుకుంటూ రావడం చూసి బంతిని తలపై నుంచి దూరంగా విసిరింది. నిచ్చెన అందుకుని చేతులు పైకెత్తేలోగా సైరన్ మోగింది.

సాయంత్రం జాబితా గోడకి అంటించారు. ఆ స్కూలు నుంచి ఒక్క పేరే ఉంది, నిచ్చెనది. పిచ్చుక గురించి సెలెక్టరు టీచరుతో అన్నాడట, "ముందు బాగానే ఆడింది. ఒత్తిడి వస్తే బంతి కొట్టుకుంటూ వెళ్ళడానికి భయపడుతోంది." నిచ్చెన పిచ్చుకని పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల మార్కెట్లో చేపలు శుభ్రం చేసే మనిషి కూతురు. స్కూలు అయిపోగానే అదే బల్ల దగ్గర నిలబడాల్సిన మనిషి. మరుసటి వారమే హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఆ రోజు తిరుగు బస్సులో తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు.

"నువ్వు ఆడుతుంటే చూద్దామని వచ్చాను," అన్నాడు నాన్న. "బంతి పట్టుకుని నిలబడ్డ పిల్లని చూశాను."

"నిన్నెవరు రమ్మన్నారు నాన్నా?"

ఆ మాట పెద్దగా వచ్చేసింది. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పిచ్చుక కిటికీ వైపు తిరిగి, ఇంకో మాట కూడా అంది, మెల్లగా. "ఇంట్లో ఉంటే పోయేది కదా."

ఆయన విన్నాడు. తలూపాడు. ఆ సాయంత్రం గంటసేపు బంతి కొట్టినంతసేపూ ఆమె ఆయన మొహం చూడలేదు, ఆయన భుజం మీదుగా గోడని చూసింది. బంతి మాత్రం తప్పలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ వెళ్ళిపోయాక పిచ్చుక బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. నాన్న వరండా ఆ చివర, నీళ్ళ డ్రమ్ముకి ముందు, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు బార్లా చాపి నిలబడి ఉన్నాడు. బూట్లు కూడా వేసుకున్నాడు.

"నిన్న చివర్లో నీ ముందు ఖాళీ ఉంది కదా," అన్నాడు. "అక్కడి నుంచి ఆడు."

"వచ్చి కూర్చో నాన్నా. టైమవుతోంది."

"ఇవాళ డెబ్బై వద్దు."

"డాక్టరు రాసిన కాగితం ఉంది లోపల."

"ఆ కాగితం నా పేరు మీద ఉంది. నీ పేరు మీద కాదు."

ఆమె బంతి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. ఆయన అక్కడి నుంచి కదల్లేదు. కింద ఇంటి మామ్మ చీపురుకట్టతో ఒకసారి పొడిచింది, రెండోసారి పొడిచింది. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి.

"నీకేమైనా అయితే అమ్మకి ఏం చెప్పను?"

"నేను అడిగానని చెప్పు." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "రెండేళ్ళు నన్ను నడిపించావు తల్లీ. ఒక్కసారి పరుగెత్తించు. కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. గదిలో బల్బులా ఉన్నాను, వేస్తే వెలుగుతాను, ఆపితే ఆరతాను. ఎన్నాళ్ళు ఇలా?"

పిచ్చుక లేచింది. బంతి చేతిలోకి తీసుకుంది. మొదటి నాలుగు దెబ్బలు అలవాటుగా డెబ్బైగానే పడ్డాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆమె నడుము వంచి, బంతిని నేలకి అంటేంత కిందికి తెచ్చి, వేగం పెంచింది. వరండా పొడుగునా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి, దారికి అడ్డం రాకుండా కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఆమె కుడికి వెళ్ళినట్టు వెళ్ళింది. నాన్న నమ్మాడు, కుడికి వంగాడు. ఆమె బంతిని ఎడమకి తిప్పి, ఆయన మోచేతి కింద నుంచి దూరి, డ్రమ్ము పక్కగా గోడ మీదికి ఎగిరి, బంతిని పైన వెంటిలేటరు అంచుకి తాకించి కిందికి దిగింది.

వెనక్కి తిరిగింది. నాన్న కమ్మీ పట్టుకుని వంగి ఉన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఆమె గబగబా డెబ్బై అందుకుంది. కొట్టింది, కొట్టింది, ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు. ఆయన ఆమె చెయ్యి పట్టి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. లోపల గుండె పరుగెడుతోంది, ఇందాక ఆమె ఆడిన వేగంతోనే. బంతితో దానికి ఇక పని లేదు.

సాయంత్రం అమ్మకి విషయం తెలిసింది. బంతిని తీసి బీరువా పైన, గోడ వైపుకి తోసేసింది. కూతురితో మాట్లాడలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. పాత కాగితం తెప్పించి, బంతి అని రాసిన వరసని కొట్టేశాడు.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగింది అమ్మ.

"ఎంతసేపు పరుగెత్తగలిగితే అంతసేపు," అన్నాడాయన.

పందొమ్మిది రోజులు. నాన్న మూడో రోజునే మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడు. లిఫ్టు గోతుల్లోకి దిగాడు, నిచ్చెనలెక్కాడు. ఇంట్లో కారే కుళాయిలన్నీ బిగించాడు. మామ్మ ఫ్యాను బాగు చేశాడు. అన్నం తింటూ మధ్యలో లేచి ఏదో గుర్తొచ్చినట్టు గదంతా తిరిగేవాడు. నిద్ర తక్కువ, మాటలు ఎక్కువ. పొద్దున్న ఆరుకి పిచ్చుక అలవాటుకొద్దీ వరండాలోకి వచ్చి వట్టి చేతులతో నిలబడేది. ఆయన బూట్ల తాడు కట్టుకుంటూ ఆమె తల నిమిరి, మెట్లు దిగిపోయేవాడు.

పందొమ్మిదో రోజు ఒక కొత్త భవనంలో లిఫ్టు బిగించడం పూర్తి చేశాడు. ఒకసారి పైదాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, తలుపు సరిగ్గా మూసుకుంటోందో లేదో చూశాడు. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. వాచ్‌మన్ గ్లాసు తెచ్చేసరికి అయిపోయింది.

నెల గడిచాక లిఫ్టు కంపెనీ పిచ్చుకని అప్రెంటిస్‌గా తీసుకుంది. పొద్దున్న తల్లీకూతుళ్ళు ఒకేసారి మెట్లు దిగి, వీధి చివర చెరో వైపు వెళ్ళేవాళ్ళు. అమ్మ ఆమెకి డబ్బాలో అన్నం పెట్టేది, తల దువ్వేది. మాట మాత్రం లెక్కగా ఉండేది. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతే. పిచ్చుక ఒకసారి, "నాన్నే అడిగాడమ్మా," అంది. అమ్మ వినిపించుకోనట్టు గిన్నె తోముతూ ఉండిపోయింది.

ఒక ఆదివారం ఇద్దరూ డాబా మీద బట్టలు ఆరేస్తున్నారు. అమ్మ ఒక దుప్పటి రెండో కొస కూతురికి అందించి, అటువైపు నుంచి, మొహం కనపడకుండా మాట్లాడింది.

"పోయే ముందు ఆదివారం మీ నాన్న నన్ను నడవడానికి తీసుకెళ్ళాడు. నువ్వప్పుడు ఇంట్లో లేవు."

పిచ్చుక దుప్పటి కొస పట్టుకుని నిలబడింది.

"మిల్లు వెనక రోడ్డు పట్టుకున్నాం. పెళ్ళైన కొత్తలో కూడా ఆయన అంత జోరుగా నడవలేదు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెంట పడ్డాను. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, రా, అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో నాడి ఎలా కొట్టుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది."

"ఎంత దూరం వెళ్ళారు?"

"చాలా దూరం." అమ్మ దుప్పటి మీద క్లిప్పు పెట్టింది. రెండో క్లిప్పు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుంది. "ఇక చాలు, వెనక్కి పోదాం అని అనాల్సింది నేనే. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో."

"మరి అనలేదా?"

"లేదే. ఆపబుద్ధి కాలేదు."